ఫోటాన్ వచ్చిన వేళ: జంట నక్షత్రాల్లోని ఎక్స్‌రే పల్సార్లు

అందరికీ నమస్కారం. తెర మీద ఉన్నది ఒకసారి చూడండి. వెనక కూర్చున్నవాళ్లకి కనిపించకపోతే నేనే చదువుతాను. 0.0031, 0.0047, 0.0102, 0.0138, 0.0195... ఇలా కిందికి పోతూనే ఉంటుంది. ఫైలు మొత్తంలో లక్షల అంకెలున్నాయి. ఒక్కో ఎక్స్‌రే ఫోటాన్, అంటే ఎక్స్‌రే కాంతి కణం, డిటెక్టర్‌ని తాకినప్పుడు గడియారంలో ఎంతయిందో, అదీ ఆ అంకె. పక్క కాలమ్‌లో ఆ ఫోటాన్ శక్తి ఎంతో ఉంటుంది. అంతే. మా పనికి ముడిసరుకు ఇదే.

దీన్ని ముందే ఎందుకు చూపించానంటే, ఎక్స్‌రే పల్సార్లు, అంటే లయగా ఎక్స్‌రేలు చిమ్మే చిన్న నక్షత్రాల గురించి నెట్‌లో వెతికితే చాలా అందమైన బొమ్మలు వస్తాయి. నీలి రంగు పెద్ద నక్షత్రం, దాని మీంచి జారుతున్న వాయువు, సుడి తిరుగుతున్న పళ్లెం, మధ్యలో ధగధగ మెరిసే చుక్క. అవన్నీ చిత్రకారులు గీసినవి. అలాంటి దృశ్యాన్ని ఏ టెలిస్కోపూ ఫోటో తీయలేదు. మనం మాట్లాడుకోబోయే వస్తువు ఈ చివరి నుంచి ఆ చివరికి 20, 25 కిలోమీటర్లు ఉంటుంది. దూరమేమో వేల కాంతి సంవత్సరాలు. మరి దాని బరువెంత, ఎంత వేగంగా తిరుగుతోంది, దాని జోడీ నక్షత్రం ఎంత దూరంలో ఉంది, దాని అయస్కాంత క్షేత్రం ఎంత, ఇవన్నీ ఎలా చెబుతున్నాం? ఈ అంకెల నుంచే. ఫోటాన్ ఎప్పుడొచ్చింది, ఎంత శక్తితో వచ్చింది, ఈ రెండే. అందులోనూ సగానికి పైగా కథ "ఎప్పుడొచ్చింది" అన్నదాంట్లోనే ఉంది. ఇవాళ మీకు నేను చెప్పదలుచుకున్నది అదే.

మొదటి సంగతి. ఎక్స్‌రేలు నేల దాకా రావు. వాతావరణం వాటిని పైనే మింగేస్తుంది. మన ప్రాణాలకి అది మంచిదే, ఖగోళ శాస్త్రానికి మాత్రం అడ్డం. అందుకే ఈ శాస్త్రం రాకెట్లు వచ్చేదాకా పుట్టలేదు. 1962 జూన్‌లో రికార్డో జకోనీ బృందం అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి ఒక చిన్న రాకెట్ పంపింది. చంద్రుడి మీద నుంచి ఎక్స్‌రేలు వస్తాయేమో చూద్దామని దాని ఉద్దేశం. వాతావరణం పైన అది ఉన్నది ఆరు నిమిషాల లోపే. ఆ కాస్త సమయంలో, చంద్రుడున్న దిక్కున కాకుండా వృశ్చిక రాశి వైపు నుంచి ఎక్స్‌రేలు కుమ్మరించినట్టు వచ్చాయి. అదే స్కార్పియస్ ఎక్స్-1. సూర్యుడి అవతల మనకి దొరికిన మొట్టమొదటి ఎక్స్‌రే మూలం.

ఆ తర్వాత కొన్నేళ్లు ఇలాగే గడిచాయి. రాకెట్ పంపడం, అయిదు నిమిషాలు చూడటం, అది కిందపడిపోవడం. అయిదేసి నిమిషాల చొప్పున చూస్తే ఏం తెలుస్తుంది చెప్పండి? ఫలానా చోట ఏదో ఉంది అని తెలుస్తుంది. అది నిన్న ఎలా ఉంది, రేపు ఎలా ఉంటుంది అన్నది తెలియదు. సెంటారస్ రాశిలో సెన్ ఎక్స్-3 అనే మూలాన్ని 1967లో రాకెట్‌తోనే కనిపెట్టారు. కనిపెట్టారు, పేరు పెట్టారు, జాబితాలో రాసుకున్నారు. అది ఏమిటన్నది ఎవరికీ తెలియలేదు.

1970 డిసెంబర్ 12న కథ మారింది. కెన్యా తీరంలో సముద్రం మీద కట్టిన శాన్ మార్కో వేదిక నుంచి ఒక ఉపగ్రహాన్ని పంపారు. ఎక్స్‌రేల కోసమే తయారైన మొదటి ఉపగ్రహం. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం. అందుకని దానికి స్వాహిలీ భాషలో స్వేచ్ఛ అని అర్థం వచ్చే ఉహురు అనే పేరు పెట్టారు. నాకు ఈ పేరు చాలా ఇష్టం. అయిదు నిమిషాల చెర నుంచి ఈ శాస్త్రాన్ని నిజంగానే విడిపించింది ఆ ఉపగ్రహం.

ఇప్పుడు ఉహురు ఎలా చూసేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. దానికి అద్దాలు లేవు. ముందు లోహపు గొట్టాల జల్లెడ, వెనక వాయువు నింపిన డిటెక్టర్. ఉపగ్రహం మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతుంటుంది, 12 నిమిషాలకి ఒక చుట్టు. ఏదైనా మూలం ఎదురుగా వస్తున్నప్పుడు లెక్క మెల్లగా పెరుగుతుంది, నడిమికి వచ్చేసరికి శిఖరానికి చేరుతుంది, దాటిపోతుంటే మళ్లీ తగ్గుతుంది. కాగితం మీద గీస్తే త్రిభుజంలా వస్తుంది. స్థిరంగా వెలిగే మూలమైతే నున్నటి త్రిభుజం రావాలి కదా? సెన్ ఎక్స్-3 దగ్గర అలా రాలేదు. త్రిభుజం అంచు రంపపు పళ్లలా వచ్చింది. మామూలుగా డేటాలో ఉండే గజిబిజి అయితే పళ్లు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఇక్కడ పళ్ల మధ్య దూరం సమానం. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చూస్తే దాదాపు 4.84 సెకన్లకి ఒకటి.

ఆ బొమ్మ ముందు ఒక నిమిషం ఆగండి. లయ ఉంది. అప్పటికి మూడేళ్ల క్రితమే, 1967 చివర్లో, జోస్లిన్ బెల్ రేడియో పల్సార్‌ని కనిపెట్టింది. 1.337 సెకన్లకి ఒకసారి టిక్కుమనే ఆ సంకేతం తిరుగుతున్న న్యూట్రాన్ నక్షత్రానిదని, అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన చిట్టి ముద్దదని, తర్వాత తేలింది. కాబట్టి సెన్ ఎక్స్-3 కూడా అలాంటిదే అయి ఉంటుందని అనుకోవడం సహజం. కానీ ఇక్కడ రెండు చిక్కులు వచ్చాయి.

ఒకటి, లయ కుదురుగా లేదు. ఒకసారి కొలిస్తే కాస్త ఎక్కువ, ఇంకోసారి కొలిస్తే కాస్త తక్కువ. తేడా సెకనులో వెయ్యో వంతుల్లో. రెండోది ఇంకా ఇబ్బందికరం. అప్పుడప్పుడు ఆ మూలమే మాయమైపోయేది. బాగా వెలుగుతున్నది ఉన్నట్టుండి ఆరిపోయినట్టు పడిపోయి, కొన్ని గంటల తర్వాత మళ్లీ వచ్చేది. డిటెక్టర్‌లో లోపమా? మూలమే చల్లారుతోందా? మీరైతే ఏమనుకుంటారు?

ఈ రెండు చిక్కుల్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టేసరికి ముడి విడిపోయింది. లయలో హెచ్చుతగ్గులు 2.087 రోజులకి ఒకసారి తిరిగి వస్తున్నాయి. మాయమవడం కూడా సరిగ్గా 2.087 రోజులకి ఒకసారే. ఇంకేముంది, అది ఒంటరి నక్షత్రం కాదు. మరో పెద్ద నక్షత్రం చుట్టూ తిరుగుతోంది. మన వైపు వస్తున్నప్పుడు పల్సులు, అంటే ఆ లయలోని ఒక్కో మెరుపు, దగ్గరదగ్గరగా అందుతాయి, దూరంగా పోతున్నప్పుడు ఎడంగా అందుతాయి. రైలు మన వైపు వస్తుంటే కూత సన్నగా, దాటిపోతుంటే బొంగురుగా వినిపిస్తుంది చూడండి, ఆ డాప్లర్ ప్రభావమే ఇది. పెద్ద నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు గ్రహణం పడుతుంది. ప్రతి చుట్టులో సుమారు 12 గంటలు అది కనిపించదు. ఈ ఫలితం 1972లో అచ్చయింది.

ఇక లెక్క చేద్దాం. ఈ లెక్క నేను ప్రతిసారీ చేస్తాను, ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది. కక్ష్యలో అవతలి వైపు ఉన్నప్పుడు పల్సు 39.7 సెకన్లు ఆలస్యంగా వస్తోంది. ఇవతలి వైపు ఉన్నప్పుడు 39.7 సెకన్లు ముందు వస్తోంది. అంటే ఏమిటి? ఆ కక్ష్య వ్యాసార్థాన్ని దాటడానికి కాంతికి అంత సమయం పడుతోంది. సెకనుకి 3 లక్షల కిలోమీటర్లతో గుణించండి. దాదాపు 1 కోటి 19 లక్షల కిలోమీటర్లు. టేపు పట్టుకుని కొలిచినట్టు వచ్చింది! అంత చుట్టుని 2.087 రోజుల్లో తిరగాలంటే వేగం సెకనుకి 415 కిలోమీటర్లు. అంత వేగంతో పోతున్నదాన్ని విడిచిపెట్టకుండా పట్టుకుని ఉండాలంటే అవతలి నక్షత్రం ఎంత బరువుండాలి? కెప్లర్ నియమంలో ఈ రెండు అంకెలూ వేస్తే సూర్యుడికి కనీసం 15 రెట్లు అని వస్తుంది. అప్పటికి ఆ పెద్ద నక్షత్రాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు, గమనించండి. 1974లో క్షెమిన్‌స్కీ అనే పోలండ్ ఖగోళ శాస్త్రవేత్త మామూలు టెలిస్కోపుతో దాన్ని పట్టుకున్నాడు. దాని వెలుగు కూడా అదే 2.087 రోజుల లయలో మారుతోంది. కంటికి కనబడక ముందే దాని బరువు కనీసం ఎంతో తెలిసిపోయింది. ఎందుకని? దాని పక్కన తిరుగుతున్నదాని దగ్గర గడియారం ఉంది కాబట్టి.

అంత వెలుగు ఎక్కడిది

సరే, గడియారం ఉంది. దానికి శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? రేడియో పల్సార్ అయితే తన తిరుగుడునే ఖర్చుపెట్టుకుంటుంది. అందుకే రేడియో పల్సార్లు ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిస్తాయి. సెన్ ఎక్స్-3 దగ్గర కక్ష్య వల్ల వచ్చే తేడా తీసేసి చూస్తే, ఏళ్లు గడిచేకొద్దీ పీరియడ్, అంటే పల్సుకీ పల్సుకీ మధ్య వ్యవధి, మొత్తం మీద తగ్గుతూ వచ్చింది. అంటే నక్షత్రం వేగం పుంజుకుంటోంది. ఖర్చుపెట్టేవాడి దగ్గర డబ్బు పెరుగుతోందంటే, బయటి నుంచి ఎవరో తెచ్చి ఇస్తున్నారని అర్థం. ఇచ్చేది పక్కనున్న పెద్ద నక్షత్రం. దాని మీంచి వాయువు వచ్చి న్యూట్రాన్ నక్షత్రం మీద పడుతోంది. దీన్నే అక్రీషన్ అంటారు.

పడితే అంత శక్తి వస్తుందా అని అడగొచ్చు. న్యూట్రాన్ నక్షత్రం అంటే సూర్యుడికి సుమారు 1.4 రెట్ల బరువుని పది, పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్థంలోకి కుక్కిన వస్తువు. దాని మీద ఒక కిలో పదార్థం పడేస్తే, అది నేలని తాకేసరికి కాంతి వేగంలో సగం అందుకుంటుంది. ఆగినప్పుడు ఆ శక్తంతా వేడిగా మారుతుంది. అదే కిలో హైడ్రోజన్‌ని నక్షత్రంలో లాగా మండించి హీలియం చేస్తే వచ్చే శక్తి కంటే ఇది సుమారు 25 రెట్లు ఎక్కువ. సూర్యుణ్ణి వెలిగించే అణుశక్తి కంటే ఊరికే కింద పడటం వల్ల వచ్చే శక్తి ఎక్కువ! మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు, లెక్క చేసుకున్నాకే నమ్మాను. మీరూ చేసి చూడండి, ఇంటర్ ఫిజిక్స్ చాలు. సెకనుకి పదివేల కోట్ల టన్నులు పడుతుంటే దాదాపు 5 వేల సూర్యుళ్లంత వెలుగు వస్తుంది. అదీ ఎక్స్‌రేల్లోనే, ఎందుకంటే పడిన చోట వేడి కోట్ల డిగ్రీలు.

అయితే వెలుగు మినుకు మినుకుమనడం దేనికి? వాయువు అన్ని వైపులా సమంగా పడితే లయ ఉండదు కదా. ఇక్కడ అయస్కాంత క్షేత్రం వస్తుంది. ఈ నక్షత్రాల మీద అది లక్ష కోట్ల గాస్ ఉంటుంది. మన భూమిది ఒక గాస్ కూడా లేదు. వాయువు విద్యుదావేశంతో ఉంటుంది కాబట్టి, కొన్ని వేల కిలోమీటర్ల దూరంలోనే క్షేత్రం దాన్ని పట్టేసి, బలరేఖల వెంట ధ్రువాల దగ్గరికి తోసుకుపోతుంది. అక్కడ సుమారు కిలోమీటరు మేర చిన్న మచ్చ మీద అంతా పోగుపడుతుంది. అయస్కాంత ధ్రువం, తిరిగే అక్షం ఒకే చోట లేవు కనుక ఆ వేడి మచ్చ ఒకసారి మన వైపు తిరుగుతుంది, ఇంకోసారి అవతలికి పోతుంది. లైట్‌హౌస్ దీపంలాగన్నమాట.

ఈ అయస్కాంత క్షేత్రం సంగతి ఊహించుకుని చెప్పడం లేదు. కొలిచారు. హెర్క్యులిస్ రాశిలో హెర్ ఎక్స్-1 అని ఇంకో పల్సార్ ఉంది. అదీ ఉహురు పట్టుకున్నదే. పీరియడ్ 1.24 సెకన్లు, కక్ష్య 1.7 రోజులు. దాని జోడీ నక్షత్రం ఖగోళ శాస్త్రవేత్తలకి 1930ల నుంచే తెలుసు, వెలుగు మారే నక్షత్రంగా. ఎందుకు మారుతుందో ఇప్పుడు అర్థమైంది: పల్సార్ ఎక్స్‌రేలు కొట్టి కొట్టి దాని ఒక ముఖాన్ని కాల్చేస్తున్నాయి. కాలిన ముఖం మన వైపు ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ. ఆకాశాన్ని ఫోటో తీసిన పాత గాజు ప్లేట్లు తీసి వెతికితే ఇంకో వింత బయటపడింది. కొన్ని కాలాల్లో ఆ హెచ్చుతగ్గు అసలు లేదు. అంటే ఆ రోజుల్లో ఎక్స్‌రేలు దాని మీద పడలేదన్నమాట. ఎక్స్‌రే టెలిస్కోపు అనే మాటే లేని కాలంలో ఎక్స్‌రేలు ఎప్పుడు తగ్గాయో ఫోటో ప్లేట్లు రాసిపెట్టాయి. భద్రపరిచిన ఆ చేతులకి నేను మనసులో దండం పెట్టుకుంటాను.

1976 మే నెలలో జర్మనీకి చెందిన ట్రూంపర్ బృందం అమెరికాలోని టెక్సస్ నుంచి బెలూన్ ఎగరేసి, వాతావరణం పలచబడే ఎత్తు నుంచి హెర్ ఎక్స్-1ని చూసింది. ఇక్కడ పనికొచ్చింది రెండో కాలమ్, శక్తి కాలమ్. ఏ శక్తిలో ఎన్ని ఫోటాన్లు వచ్చాయో గ్రాఫు గీస్తే నున్నగా వంగుతూ దిగాల్సిన గీతలో ఒకచోట వంకర కనిపించింది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు ఇష్టమొచ్చిన శక్తితో తిరగలేవు, మెట్లు మెట్లుగా ఉండే శక్తులే ఉంటాయి. మెట్టుకి సరిపోయే ఫోటాన్‌ని పట్టుకుని పక్కకి చెదరగొడతాయి. కాబట్టి ఆ శక్తి దగ్గర గుంట పడుతుంది. హెర్ ఎక్స్-1లో ఆ గుంట 40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకి (ఫోటాన్ శక్తిని మేం కొలిచే ప్రమాణం ఇది) అటూ ఇటూగా ఉంటుంది. దాన్నుంచి లెక్కగడితే క్షేత్రం సుమారు 4 లక్షల కోట్ల గాస్. న్యూట్రాన్ నక్షత్రం అయస్కాంత క్షేత్రాన్ని నేరుగా కొలవడం అదే మొదటిసారి. దీన్ని సైక్లోట్రాన్ గీత అంటారు. 4యూ 0115+63 అనే పల్సార్‌లో అయితే ఒక మెట్టు కాదు, 12 దగ్గర మొదలై దానికి రెట్లు రెట్లుగా నాలుగైదు గుంటలు వరసగా కనిపిస్తాయి. నిచ్చెన మెట్లు చూస్తున్నట్టే ఉంటుంది.

ఇవాళ కొత్త పల్సార్ దొరకాలంటే

చాలామంది అనుకుంటారు, టెలిస్కోపు తిప్పుతుంటే కొత్త పల్సార్ కనబడుతుందని. అలా కాదు. వీటిలో చాలా భాగం ఎప్పుడూ వెలిగేవి కావు. బీఈ నక్షత్రాలని ఒక రకం ఉంది. చాలా వేగంగా తిరుగుతూ, నడుము చుట్టూ వాయువుని పళ్లెంలా పరుచుకుని ఉంటాయి. వాటి జోడీ పల్సార్ పొడుగాటి కోడిగుడ్డు కక్ష్యలో తిరుగుతుంది. దగ్గరికొచ్చి ఆ పళ్లెంలోంచి దూసుకుపోయినప్పుడే మేత దొరుకుతుంది, వెలుగుతుంది. మిగతా రోజులు నిద్ర. 1975లో ఏరియల్ 5 ఉపగ్రహానికి ఏ0535+26 అలాగే దొరికింది. ఉన్నట్టుండి ఎగసింది, పీరియడ్ 103 సెకన్లు. దాని కక్ష్య 111 రోజులు. ఇలాంటి వాటికోసం ఆకాశమంతా కాపలా కాసే పరికరాలు ఉంటాయి. ఎక్కడైనా కొత్తగా వెలిగితే గంటల్లో ప్రపంచమంతా కబురు పోతుంది. అప్పుడు సున్నితమైన పరికరాలు అటు తిరుగుతాయి. అప్పుడు వస్తుంది ఈ అంకెల ఫైలు.

వచ్చాక మొదటి పని ఏమిటో తెలుసా? గడియారాన్ని సరిచేయడం. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతోంది. సూర్యుడి నుంచి మనకి కాంతి రావడానికే 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది. అంటే మనం కక్ష్యలో ఏ పక్కనున్నామన్నదాన్ని బట్టి ఫోటాన్ రాక అన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. అందుకని ప్రతి సమయాన్నీ సౌర కుటుంబం గురుత్వ కేంద్రం దగ్గర ఫోటాన్ అందితే ఎంతయ్యేదో, ఆ సమయానికి మార్చుకుంటాం. ఇది చేయకపోతే మన కదలికనే నక్షత్రం కదలిక అనుకుంటాం.

తర్వాత ఫూరియే పద్ధతితో లయ ఉందా అని వెతుకుతాం. ఈ హాల్లో రెండొందల మంది ఒకేసారి మాట్లాడుతున్నారనుకోండి, మూల ఒకతను వేలితో బల్ల మీద తాళం వేస్తున్నాడు. చెవికి వినబడదు. కానీ గంటసేపు రికార్డు చేసి, ప్రతి లయనీ విడివిడిగా పరీక్షిస్తే ఆ తాళం పైకి తేలుతుంది, ఎందుకంటే మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తాళం మాత్రం కూడుతూ పోతుంది. గ్రాఫులో ఒక్కచోట మేకులా నిలబడుతుంది. అప్పుడు ఆ పీరియడ్‌కి సరిపడా ముక్కలుగా డేటాని కోసి ఒకదానిమీద ఒకటి పేరుస్తాం. పొడవాటి కాగితం రిబ్బన్‌ని సమానంగా మడతపెట్టినట్టు. పీరియడ్ సరైనదైతే గుట్ట నిలబడుతుంది. కొంచెం తప్పినా చెదిరి చదునైపోతుంది.

విద్యార్థులు చాలామంది వచ్చారు కాబట్టి ఒక అనుభవం చెబుతాను. నేను పరిశోధనలో కొత్తగా ఉన్నప్పుడు ఒక ఫైల్లో ఇలాంటి మేకు కనబడింది. నిటారుగా, అనుమానం లేకుండా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడు రోజులు టెన్షన్‌తో లెక్కలు తిరగేసి, నాలుగో రోజు అదే పరికరం వేరే దిక్కుకి చూసిన ఫైలు తెరిచాను. అక్కడా అదే మేకు, అదే చోట. డిటెక్టర్ తన డేటాని చదివే లయ అది, నక్షత్రానిది కాదు. ఆ రోజు నుంచి నాకో అలవాటు. లయ కనబడగానే మొదట ఖాళీ ఆకాశం ఫైల్లో వెతుకుతాను. ఉపగ్రహం 95 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది, దాని నీడ డేటాలో పడుతుంది. వాయువు ఎగుడుదిగుడుగా పడటం వల్ల కూడా లయలాంటిది కనిపిస్తుంది. అన్నిటినీ దాటాక, కక్ష్య వల్ల పీరియడ్ మారడం కూడా కనబడితే, అప్పుడు నమ్మొచ్చు. ఏ పరికరంలోని లోపమూ కెప్లర్ నియమాన్ని పాటించదు.

అలా దొరికిన వాటన్నిటినీ ఒక గ్రాఫు మీద పెట్టినప్పుడు 1984లో రాబిన్ కార్బెట్ ఒక సంగతి గమనించాడు. బీఈ జంటల్లో కక్ష్య ఎంత పెద్దదైతే పల్సార్ అంత నెమ్మది. 24 రోజుల కక్ష్య ఉన్న 4యూ 0115+63 పీరియడ్ 3.6 సెకన్లు, 111 రోజులున్న ఏ0535+26 పీరియడ్ ఇందాక చెప్పాను, 103 సెకన్లు. దూరంగా ఉంటే మేత పలచన, పల్సార్‌ని తిప్పే తోపు తక్కువ. ఇప్పుడు కొత్త పల్సార్ పీరియడ్ తెలిస్తే కక్ష్య ఎంతుండొచ్చో ముందే ఒక అంచనాకి రావచ్చు.

తోపు అన్నాను కదా, అది కోట్ల ఏళ్ల పాటు ఆగకుండా సాగితే ఏమవుతుంది? 1982లో సెకనుకి 642 సార్లు తిరిగే రేడియో పల్సార్ దొరికింది. అంత వేగం పుట్టుకతో వచ్చింది కాదని, పాతబడి ఆగిపోవచ్చిన పల్సార్‌ని జోడీ నక్షత్రం వాయువు మళ్లీ తిప్పి నిలబెట్టిందని అదే ఏడాది కొందరు చెప్పారు. వాళ్లలో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థకి చెందిన రాధాకృష్ణన్, శ్రీనివాసన్ ఉన్నారు. మాట బాగుంది. సాక్ష్యమేది? అలా తిప్పుతుండగా ఒకదాన్ని పట్టుకోవాలి కదా. పదహారేళ్లు పట్టింది. 1998 ఏప్రిల్‌లో ఆర్‌ఎక్స్‌టీఈ ఉపగ్రహం డేటాలో వైనాండ్స్, వాన్ డెర్ క్లిస్ దాన్ని చూశారు. సాక్స్ జే1808 అనే మూలం, సెకనుకి 401 పల్సులు, రెండు గంటల కక్ష్య. ఇక 2013లో ఎం28 అనే నక్షత్ర గుచ్ఛంలో ఒక పల్సార్ కనిపించింది. అంతకు ముందు రేడియో పల్సార్‌గా తెలిసినదే. ఆ ఏడాది ఎక్స్‌రే పల్సార్‌గా వెలిగింది, కొన్ని వారాల్లోనే మళ్లీ రేడియోకి మారిపోయింది. పీరియడ్ మాత్రం రెండు వేషాల్లోనూ ఒకటే, 3.9 మిల్లీసెకన్లు. పేరు మార్చుకున్న మనిషిని వేలిముద్ర పట్టిచ్చినట్టు.

మరో ఏడాదికే ఇంకో ఆశ్చర్యం. 2014 జనవరిలో ఎం82 అనే గెలాక్సీలో సూపర్‌నోవా పేలింది. నూస్టార్ అనే ఎక్స్‌రే టెలిస్కోపుని దానివైపు తిప్పి రోజుల తరబడి ఉంచారు. ఆ గెలాక్సీలో చాలా ప్రకాశంగా వెలిగే రెండు ఎక్స్‌రే మూలాలు ముందే తెలుసు. అంత వెలుగు ఇవ్వాలంటే బ్లాక్ హోల్ తప్ప ఇంకేదీ చాలదని అందరి నమ్మకం. మట్టియో బాకెట్టి బృందం ఆ డేటాలో లయ వెతికితే 1.37 సెకన్ల పల్సు దొరికింది. బ్లాక్ హోల్‌కి నేల లేదు, మచ్చ లేదు, ఇంత కచ్చితమైన పల్సు రాదు. పైగా 2.5 రోజుల కక్ష్య. న్యూట్రాన్ నక్షత్రమే! దాని బరువుకి ఉండదగ్గ వెలుగు కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ వెలుగు. అంత వెలుగు తోపుడుకి పడే వాయువు వెనక్కి ఎగిరిపోవాలి, మరి ఎలా పడుతోందన్నది ఇప్పటికీ వాదులాడుకుంటున్న విషయం. నాకు నచ్చేదేమిటంటే, అక్కడ లయ ఉంటుందని ఎవరూ ఆశించలేదు. అయినా వెతికారు.

చివరగా ఒక్క విషయం. ఇన్నాళ్లూ మన ఫైల్లో రెండే కాలమ్‌లు అన్నాను కదా. ఇప్పుడు మూడోది వచ్చింది, ఫోటాన్ ఏ దిశలో కంపిస్తోందన్నది. ధ్రువణం అంటాం. 2021 డిసెంబర్‌లో వెళ్లిన ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం హెర్ ఎక్స్-1ని చూసింది. సిద్ధాంతం ప్రకారం అంత బలమైన క్షేత్రంలోంచి వచ్చే ఎక్స్‌రేల ధ్రువణం 60, 80 శాతం ఉండాలి. వచ్చింది సగటున 10 శాతం లోపే. యాభై ఏళ్లుగా చదువుతున్న నక్షత్రం, మనం బాగా ఎరిగినదనుకున్న నక్షత్రం! ఆ వేడి మచ్చ మీద వాయువు పొరలు మనం అనుకున్నట్టు లేవని దీనర్థం. 2024 జనవరి 1న వెళ్లిన మన ఎక్స్‌పోశాట్‌లో రామన్ పరిశోధన సంస్థ చేసిన పోలిక్స్ పరికరం ఉంది. ఐఎక్స్‌పీఈ చూడలేని 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఇదే కొలత చేయడం దాని పని.

మొదట చూపించిన ఫైలు ఎవరిదో చెప్పలేదు కదూ. అది మన ఆస్ట్రోశాట్ నుంచి వచ్చింది, 2015లో వెళ్లిన ఉపగ్రహం. మూలం సెన్ ఎక్స్-3. ఈ ఫైళ్లు కొంతకాలం తర్వాత అందరికీ తెరిచి పెడతారు, మీరూ దించుకోవచ్చు. ఇప్పుడు దీన్ని మీ ఎదుటే మడతపెడతాను. మొదట ఉహురు చెప్పిన 4.84 సెకన్లు పెట్టి చూద్దాం. చూశారా, చదునుగా ఉంది, ఏమీ లేదు. ఇప్పుడు 4.80 పెట్టి, కక్ష్య వల్ల వచ్చే తేడా తీసేద్దాం. అదిగో, తక్కువ శక్తి ఫోటాన్లలో రెండు గుట్టలు, ఎక్కువ శక్తి వాటిలో ఒక్కటే. ఆ రెండో గుట్ట ఎందుకు మాయమవుతుందన్నది మీరు అడిగితే అక్కడి నుంచే మొదలుపెడదాం. అడగండి.